పగలగొడితే గానీ మారనివి

పత్రికల్లో పుస్తక పరిచయాలు చాలా చదివాను గానీ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా అచ్చయిన పుస్తకం గురించి కాదు. అదొక రింగుల ఫైలు. నల్ల అట్ట, వీపు మీద అంటించిన తెల్లకాగితం, దాని మీద ‘ఇల్లు’ అన్న ఒక్క మాట. రాసింది మా అమ్మాయి. మెల్‌బోర్న్‌కు పడమట టార్నీట్‌లో తనూ అల్లుడూ స్థలం కొన్నారు. బిల్డరుతో టెండర్ మీటింగు, ఆ తర్వాత కలర్ సెలెక్షను ఉన్నాయంటే ఆ రెంటికీ సిద్ధం కావడానికి కూర్చుకున్న ఫైలిది. 2024 ఏప్రిల్‌లో నేనూ మా ఆవిడా వెళ్లేసరికి డెబ్భై కాగితాలకు చేరింది.

ఒంగోలు చుట్టుపక్కల ముప్ఫై ఏళ్లకు పైగా పంచాయతీరాజ్ ఇంజినీరుగా పనిచేశాను. స్కూలు గదుల నుంచి చెక్‌డ్యాముల దాకా ఎస్టిమేట్లు రాశాను, కిందివాళ్లు రాసినవి ఎర్రసిరాతో దిద్దాను. మరొకరి కాగితం చూసి ‘ఈ వరస నాకెందుకు తట్టలేదు’ అనుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈ ఫైలు వాటిలో చేరింది. కూతురు కదా అని మెచ్చుకుంటున్నాడనుకునేవాళ్ల కోసం చివర్లో తప్పులు కూడా చెబుతాను.

ముందు టెండరు అన్న మాట దగ్గరే తడబడ్డాను. మా లెక్కలో టెండరంటే సీలు కవర్లు, ధరావతు సొమ్ము, అంచనా రేటుకు ఎవరెంత తక్కువ కోట్ చేశారన్న ఆత్రం. కవర్లు పోయి కంప్యూటర్లు వచ్చాక కూడా పోటీ పోటీయే. ఆస్ట్రేలియాలో నమూనా ఇళ్లు చూపించి వందలకొద్దీ కట్టే కంపెనీల దగ్గర ఆ మాటకు అర్థం వేరు. అక్కడ బిల్డరు ముందే ఖాయమైపోతాడు. ప్లాను ఎంచుకుని కొంత సొమ్ము కడితే, వాళ్లు స్థలంలో మట్టి పరీక్ష, ఎత్తుపల్లాల సర్వే చేయించి, ‘ఈ ఇల్లు ఈ నేల మీద లేవాలంటే ఇంతవుతుంది’ అని పద్దులవారీగా రాసిచ్చే కాగితాలే టెండరు. వాటిని ఎదురుగా కూర్చుని చదివి సంతకం పెట్టించుకునేది టెండర్ మీటింగు. ఇటుక మొదలు తలుపు పిడి దాకా ఎంచుకునేది కలర్ సెలెక్షను. కొన్ని కంపెనీల్లో అది ఒప్పందానికి ముందు, కొన్నింటిలో తర్వాత. 

“రెండో కవరు లేని టెండరేం టెండరమ్మా?” అన్నాను.

“రెండోది లేదు కాబట్టే నాన్నా, ఉన్న ఒక్కదాన్నీ చివరిదాకా చదవాలి” అంది.

ఫైలు తెరవగానే నన్ను ఆపేసింది విషయసూచిక. ఇల్లు కట్టుకునేవాళ్లు మామూలుగా గదులవారీగా రాసుకుంటారు. బిల్డరు జాబితా పనులవారీగా ఉంటుంది: కాంక్రీటు, వడ్రంగం, కరెంటు. మా అమ్మాయి రెండూ కాదని మూడు భాగాలు చేసింది. మొదటిది ‘పగలగొడితే గానీ మారనివి’. రెండోది ‘విప్పితే మారేవి’. మూడోది ‘మళ్లీ పూస్తే మారేవి’.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందని నేను అడగలేదు. మా ఒంగోలు ఇంట్లో గీజరు పెట్టించినప్పుడు పైపు కోసం బాత్రూము గోడ కొట్టారు. ఆ రంగు టైళ్లు అప్పటికే బజార్లో లేవు. ఇరవై ఏళ్లుగా ఆ గోడ మీద చేటంత మచ్చ అలాగే ఉంది. ఆ పిల్ల దాన్ని చూస్తూ స్నానం చేస్తూ పెరిగింది. ఇల్లు కట్టించింది ఇంజినీరే.

ఇలా విడదీసి చూస్తే డబ్బు ముందు ఎటు పోవాలో చెప్పనక్కర్లేకుండా తేలిపోతుంది. శ్లాబు కింద పోయే గొట్టాలు, గోడలో పోయే తీగలు, కిటికీల కొలతలు, సీలింగు ఎత్తు అన్నీ మొదటి భాగం. వాటిని టెండరు బల్ల దగ్గరే తేల్చుకోవాలి. లైట్లు, కుళాయిలు, కర్టెన్లు రెండో భాగం. బిల్డరు దగ్గర ప్రియమనిపిస్తే సాదావి పెట్టించుకుని చేరాక మార్చుకోవచ్చు. ఒక కాగితం అంచున ‘దీపం తర్వాత కొనొచ్చు, దీపానికి తీగ ఇప్పుడే’ అని రాసుకుంది. రెండో భాగంలోనే కొన్నింటికి ఎర్రచుక్కలున్నాయి. ఏమిటవి అంటే, విప్పేది చిన్న పనే అయినా లైసెన్సున్న ఎలక్ట్రీషియనో ప్లంబరో రావాల్సినవట. అక్కడ మన స్క్రూడ్రైవర్‌తో మనమే స్విచ్చి మార్చేసుకుంటామంటే చట్టం ఒప్పుకోదు.

మొదటి భాగంలో మొట్టమొదటి కాగితం మట్టి పరీక్ష నివేదిక. ఇక్కడ నాకు ప్రాణం లేచొచ్చింది. మెల్‌బోర్న్ పడమటి మైదానం పూర్వం లావా పరుచుకున్న నేల. పైన బంకమట్టి, లోపల ఎక్కడుంటాయో తెలియని నల్లరాతి గుండ్లు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అంటే మన నల్లరేగడికి చుట్టమే. మనం అండర్‌రీమ్డ్ పైల్స్ వేసి దానితో పోరాడతాం. వాళ్లు నేల ఎంత కదులుతుందో లెక్కగట్టి తరగతి ఇస్తారు. ఏ.ఎస్. 2870 ప్రమాణం ప్రకారం ఉపరితలం 20 మిల్లీమీటర్ల దాకా కదిలితే ఎస్, 40 దాకా ఎం, 60 దాకా హెచ్1, 75 దాకా హెచ్2, అదీ దాటితే ఇ. తరగతి పెరిగేకొద్దీ శ్లాబులో ఉక్కూ దూలాల లోతూ పెరుగుతాయి, వాటితోపాటు బిల్లూ. మావాళ్లకు హెచ్1 వచ్చింది.

దాని పక్కన పెన్సిలుతో మూడు ప్రశ్నలు. సైటు ఖర్చు అన్న పద్దు ఖాయమా, తాత్కాలికమా? తవ్వకంలో రాయి తగిలితే అదనం దేన్నిబట్టి కొలుస్తారు, కొలిచేటప్పుడు మేముండొచ్చా? తవ్విన మట్టి తరలించే ఖర్చు ఇందులో ఉందా? ఏళ్ల తరబడి ఎం-బుక్కులు, అంటే కొలతల పుస్తకాలు, రాసినవాణ్ణి, రెండో ప్రశ్న చదివి ముగ్ధుణ్ణయ్యాను. టేపు రెండో కొస ఎవరి చేతిలో ఉందన్న దగ్గరే కదా సివిల్ పనుల్లో సగం తగాదాలు మొదలయ్యేది.

టెండర్లో కొన్ని అంకెలు చూడ్డానికి మిగతావాటిలాగే ఉంటాయి గానీ వాటి స్వభావం వేరు. ప్రొవిజనల్ సమ్ అంటే పని ఎంతుంటుందో తెలియక వేసిన అంచనా. ప్రైమ్ కాస్ట్ అంటే వస్తువును ఇంకా ఎంచుకోలేదు కనుక దాని కోసం పక్కన పెట్టిన సొమ్ము. అసలు ఖర్చు ఆ అంకె దాటితే తేడా మనదే. అమ్మాయి వాటన్నిటికీ పసుపు రంగు పూసి, మొత్తంలోంచి తీసేసి మళ్లీ కూడింది. ‘నిలబడే మొత్తం’, ‘ఎగిరే మొత్తం’ అని రెండు అంకెలు తేలాయి. మీటింగుకు నాలుగు రోజుల ముందే పేజీ నంబర్లతో సహా ప్రశ్నలన్నీ బిల్డరుకు మెయిలు పెట్టింది. దానివల్ల ఆ రోజు సగం సమయం మిగిలింది. జవాబులు వెతుక్కుని వచ్చిన ఎస్టిమేటరు కూడా ఊపిరి పీల్చుకున్నాడనే నాకనిపించింది.

చట్టం సంగతులు ఒక్క కాగితంలో సరిపెట్టింది. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 1995 నాటి గృహనిర్మాణ ఒప్పందాల చట్టం ప్రకారం 20 వేల డాలర్లు, ఆపైన పనులకు అడ్వాన్సు 5 శాతం మించకూడదు. సంతకమయ్యాక కూడా అయిదు పనిదినాల్లో మనసు మార్చుకునే వీలుంది. అంతకంటే ఎక్కువ రాయకపోవడమే నచ్చింది నాకు.

నేను మళ్లీ మళ్లీ తిప్పి చూసిన కాగితం ‘ఇందులో లేనివి’. టెండర్లో ఉన్నదాన్ని ఎవరైనా చదవగలరు. లేనిదాన్ని చదవడానికి వేరే కన్ను కావాలి. దీనికోసం నమూనా ఇంటికి మూడుసార్లు వెళ్లిందట. మొదటిసారి చుట్టంచూపుగా. రెండోసారి ‘స్టాండర్డ్’ జాబితా చేత్తో పట్టుకుని, కనపడేవాటిలో జాబితాలో లేనివాటికి ఒక్కొక్కదానికీ టిక్కు పెడుతూ. మూడోసారి వాళ్లమ్మను వెంటబెట్టుకుని. ఆ టిక్కుల వరసే ఈ కాగితం: వాకిట్లో కారొచ్చే సిమెంటు బాట, ప్రహరీ, దోమతెరలు, కర్టెన్లు, ఏసీ, ఉత్తరాల పెట్టె, టీవీ యాంటెనా, పడగ్గదుల్లో కార్పెట్లు. ఇల్లంటే ఇవన్నీ ఉంటాయనుకుంటాం. ఈ బిల్డరు జాబితాలో ఒక్కటీ లేదు. 

ఇంకో చిన్న కాగితం చూసి నవ్వుకున్నాను. ‘మన అనుమతి మే 1కి ఇటా, అటా?’ అని ఒకే ప్రశ్న. కొత్త ఇల్లు ఎండనూ చలినీ తట్టుకోవడంలో 7 నక్షత్రాలు సాధించాలన్న నిబంధన విక్టోరియాలో 2024 మే 1 నుంచి అమల్లోకి వచ్చింది, అంతకుముందు 6 చాలు. టెండరు దేనికి లెక్కగట్టిందో తెలియకపోతే కిటికీల అద్దాల దగ్గర రేటు మారిపోతుంది. మా ఆఫీసుల్లో రేట్లు మారే తేదీ ముందురోజు జరిగే హడావిడి గుర్తొచ్చింది.

ఇక వంటిల్లు. ఫైల్లో అన్నిటికంటే లావుపాటి భాగం ఇదే, ఉండాల్సింది కూడా ఇంతే. ప్లానింగ్ అనుమతి కావాల్సిన కొత్త ఇళ్లకు 2024 జనవరి 1 నుంచి ఆ రాష్ట్రంలో గ్యాస్ కనెక్షన్ లేదు. అంతా కరెంటు మీదే. వంకాయ కాల్చుకోడానికి మంట ఉండదని విని మా ఆవిడ రెండు రోజులు ముభావంగా ఉంది. అమ్మాయి వాదించలేదు. ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం ఒకటి తీసుకుని ఇంట్లో ఉన్న ప్రతి గిన్నె అడుగునా పెట్టి చూసింది. ఇనప పెనం, ఇనప మూకుడు పట్టుకున్నాయి. మనం సిల్వరు గిన్నెలనే అల్యూమినియం పాత్రలు, పాత కుక్కరు, రాగి చెంబు, ఇత్తడి గిన్నె పట్టుకోలేదు. స్టీలు గిన్నెల్లో కొన్ని అంటుకున్నాయి, కొన్ని జారిపోయాయి. అయస్కాంతం పట్టనిది ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదు. ఆ పట్టిక రెండు పేజీలు. దోసె పెనం అడుగు వ్యాసం కొలిచి, పొయ్యి మీద అంతకంటే పెద్ద వలయం ఉన్న రకాన్నే అడగాలని గుర్తు పెట్టుకుంది. వంకాయకు ఎదురుగా ‘పెరట్లో బార్బెక్యూ’ అని రాసి ఉంది. మా ఆవిడ అది చదివాక మామూలు మనిషయింది.

గ్రైండరుకు ఒక కాగితం. బరువు పన్నెండు కిలోలు, ఎత్తి దించే వస్తువు కాదు, కాబట్టి అది ఉండే చోటే ప్లగ్గు. మనకూ వాళ్లకూ కరెంటు 230 వోల్టులే, ప్లగ్గు ఆకారం ఒక్కటే తేడా. పోపు పొగకు ఇంకో కాగితం: పొయ్యి పైనున్న చిమ్నీ గాలిని గొట్టంలోంచి బయటికి తోస్తుందా, వడగట్టి మళ్లీ వంటింట్లోకే వదులుతుందా? టెండర్లో ‘రేంజ్‌హుడ్’ అన్న ఒక్క మాటే ఉంది. రెండోరకమైతే ఎండుమిరపకాయల ఘాటు పడగ్గది దాకా వస్తుంది. గొట్టానికి కప్పులో కన్నం కావాలి గనుక ఇది మొదటి భాగంలో చేరింది.

గట్టు మీద రాయి దగ్గర తండ్రీకూతుళ్లకు చిన్న పేచీ వచ్చింది. నమూనా ఇంట్లో మెరిసిపోతున్నది రాతిపొడిని జిగురుతో అచ్చుపోసిన కృత్రిమ రాయి. దాన్ని కోసేటప్పుడు లేచే సిలికా దుమ్ముతో కార్మికుల ఊపిరితిత్తులు పాడవుతున్నాయని 2024 జులై 1 నుంచి ఆస్ట్రేలియా పూర్తిగా నిషేధించింది. అలా నిషేధించిన మొదటి దేశం అదే. చూసి ముచ్చటపడింది కొనే వీల్లేదన్నమాట. అయితే మన ఒంగోలు పక్కనున్న చీమకుర్తి గెలాక్సీ రాయి ఉందిగా అన్నాను. నల్లటి రాతిలో రాగిరంగు చుక్కలు, ప్రపంచమంతా వెళ్లే ఓడలు ఎక్కుతోంది, మెల్‌బోర్న్ రాళ్ల గోదాములోనూ నిలబెట్టి ఉంది. రాళ్ల శాస్త్రం దాన్ని గ్రానైటు అనదు, గాబ్రో జాతి అంటుంది. బజారు పేరు మాత్రం గ్రానైటే. అమ్మాయి సమాధానంగా ఒక ఫొటో చూపించింది. నల్లరాతి నమూనా ముక్క మీద చపాతీ పిండి చల్లి, తడిగుడ్డతో తుడిచి, కిటికీ వెలుగులో తీసింది. తుడిచిన గీతలన్నీ పూసగుచ్చినట్టు కనిపిస్తున్నాయి. నేను వాదన మానేశాను. చివరికి గట్టుకు లేతరంగు పోర్సిలిన్ పలక, దేవుడి అరకు మాత్రం గెలాక్సీ ఖాయమయ్యాయి. ఒంగోలు అలా ఆ ఇంట్లోకి వచ్చింది.

రంగుల సంగతికి వస్తే, నాకు కళ్లు తెరిపించింది ఈ విభాగమే. రంగులన్నీ మూడో భాగంలో ఉంటాయనుకున్నాను. గోడల రంగు ఒక్కటే ఉంది అక్కడ. ఇటుక రంగు, ఇటుకల మధ్య మాలు రంగు, పైకప్పు రంగు, కిటికీ చట్రాల రంగు మొదటి భాగంలో ఉన్నాయి. అక్కడ ఇటుకగోడకు మామూలుగా బయట ప్లాస్టరింగు ఉండదు, ఇటుకే ముఖం. మాలు రంగు దగ్గర అమ్మాయి ఒక లెక్క రాసి నన్ను సరిచూడమంది. వాళ్ల ఇటుక ముఖం 230కి 76 మిల్లీమీటర్లు, సందు 10. వేసి చూస్తే గోడ ముఖంలో దాదాపు 15 శాతం మాలే. ఏడింట ఒక వంతు గోడకు రంగు ఎంచుకోవడం మరిచిపోతామన్నమాట. ఒకే ఇటుకను బూడిదరంగు మాలుతో, తెలుపు మాలుతో కట్టిన రెండు ఇళ్ల ఫొటోలు పక్కపక్కన అంటించింది. అవి వేర్వేరు ఇటుకలని నేను పందెం కాసేవాణ్ణి. సందును గుండ్రంగా లోపలికి నొక్కాలా, లోతుగా గీరాలా, ఇటుకతో సమంగా వదలాలా అన్నదీ రాసుకుంది. లోతుగా గీరితే నీడ పడి గోడ ఇంకో ఛాయ ముదురుతుంది.

పైకప్పుకు కలర్‌బాండ్ ఉక్కు రేకులు. 1966 నుంచి ఉన్నాయి, పేర్లు కవిత్వంలా ఉంటాయి: సర్ఫ్‌మిస్ట్, మాన్యుమెంట్, షేల్ గ్రే. ఇప్పుడు వీధంతా మాన్యుమెంట్ మోజు, బొగ్గు రంగు. అమ్మాయి పేరు పక్కన అందమా కాదా అని రాయలేదు, మీద పడ్డ ఎండలో ఎంత వేడి తాగుతుందో రాసింది. లేతదైన సర్ఫ్‌మిస్ట్ దాదాపు మూడో వంతు తాగితే, మాన్యుమెంట్ ముప్పావు వంతుకు దగ్గరగా తాగుతుంది. జనవరి ఎండలో ఏసీ బిల్లు ఎవరు కడతారని అల్లుణ్ణి అడిగింది. మాన్యుమెంట్ గుమ్మం తలుపుకు దిగిపోయింది.

కలర్ సెలెక్షన్ రోజు నేనూ వెళ్లాను. ఆరు గంటలు పట్టింది. అక్కడ రంగులు చూపించే ఆవిడ పనితనం గురించి రాయకపోతే అన్యాయమవుతుంది. నమూనాలన్నీ ఒకే సైజులో పరచలేదు. ఇటుక, నేల టైలు లాంటి పెద్ద మేరలవి పెద్ద ముక్కలు, పిడుల్లాంటివి చిటికెడంత. ఇంట్లో ఏ రంగు ఎంత చోటు తీసుకుంటుందో బల్ల మీదే తెలిసిపోతుంది. నాకు ఒకటే తెలుపుగా కనిపించిన నాలుగు తెలుపుల్ని మామూలు కాగితం మీద వరసగా పెట్టింది. ఒకటి పసుపు, ఒకటి బూడిద, ఒకటి లేత గులాబి అయి కూర్చున్నాయి. ఒకే తెలుపును సగం పాళ్లలోనూ పావు పాళ్లలోనూ కలిపిస్తారట. అమ్మాయి ఫైలు తీసి, ఇటుకముక్కను ఆరుబయట చూడాలంది, నీళ్లు చల్లి కూడా చూడాలంది. ఆవిడ మారు మాట్లాడకుండా లేచి తలుపు తీసి పట్టుకుంది. ఏ నెలలోనైనా వాన పడి గోడ తడిసే ఊరది. వెలుగు విషయంలో ఇద్దరూ ఒకే మాట మీదికి వచ్చారు: అక్కడ సూర్యుడు ఉత్తరం వైపు నడుస్తాడు గనుక ఉత్తరపు గదులకు పసుపుపచ్చటి వెలుగు, దక్షిణపు గదులకు నీలిపొడ. కాబట్టి దక్షిణం పడగ్గదికి పసుపు జాడ ఉన్న తెలుపు. పనిమంతులు ఇద్దరు ఒకరినొకరు గుర్తుపట్టడం చూస్తే ముచ్చటగా ఉంటుంది.

ఇక తప్పులు. మొదటిది పెద్దదే. చూరు మరిచిపోయింది. ఆ ప్లానులో చూరు వీధివైపే ఉంది, ఉత్తరపు కిటికీల మీద లేదు. మెల్‌బోర్న్‌లో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 75 డిగ్రీల ఎత్తున ఉంటాడు, జూన్‌లో 29 డిగ్రీలకు దిగుతాడు. మూరెడు చూరుంటే వేసవి ఎండ కిటికీకి తగలదు, చలికాలపు ఎండ నేరుగా గదిలోకొస్తుంది. పగలగొడితే గానీ మారని వాటిలో ముందుండాల్సినది డెబ్భై కాగితాల్లో ఎక్కడా లేదు. టెండర్ మీటింగుకు ముందురోజు రాత్రి ఎర్రసిరాతో నేనే రాశాను. ముప్ఫై ఏళ్ల అలవాటు. రెండోది, గుమ్మానికి మామిడితోరణం కట్టుకునే మేకుల ఊసు లేదు. అది వాళ్లమ్మ పట్టుకుంది.

మొదటి భాగం చివర్లో ‘నాన్న మోకాళ్లు’ అని ఒక కాగితం ఉంది. కింది అంతస్తులో పడగ్గది. షవరు దగ్గర గట్టు లేకుండా నేల సమంగా. కమోడు పక్కన గోడలో గట్టి చెక్క ముందే బిగించాలి, రేపు పట్టుకోడానికి కడ్డీ పెట్టాలంటే స్క్రూ నిలవాలి. వీటిలో కొన్ని అదే మే 1 నుంచి కొత్త ఇళ్లకు తప్పనిసరి కూడా. కనీసం ఒక ద్వారం మెట్టు లేకుండా ఉండాలి. అమ్మాయి వీధి గుమ్మాన్నే అలా అడిగింది. చట్రం అడుగున నేలతో సమంగా అల్యూమినియం పట్టీ ఉంటుంది, అంతే.

“మరి గడప?” అంది మా ఆవిడ.

ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత రెండు రోజులకు ఫైలు తిరగేస్తుంటే మూడో భాగంలో, గోడల తెలుపుల జాబితా కింద, వాళ్లమ్మ చేతిరాత కనిపించింది: గడప పట్టీకి పసుపు, శుక్రవారం శుక్రవారం.